మా బిడ్డ టికెట్టు మీద లోపలికి వెళ్ళిన జంట

మా బిడ్డా అల్లుడూ టికెట్టు చేతిలో పట్టుకొని, హైదరాబాద్ అవతల ఉన్న ఒక పెద్ద ఆటల పార్కు గేటు దగ్గరికి వెళితే, మీరు పొద్దున్నే లోపలికి పోయారు కదా అని చెప్పి వాళ్ళను బయటనే ఆపేశారు. ఆపి ఊరుకోలేదు. ఒకే టికెట్టు మీద రెండు జంటలు దూరుదామని చూశారన్నారు. అందరూ వింటుండగా అన్నారు.

ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

నేను గద్వాలలో చీరలు నేసేవాణ్ణి. బడికి పోలేదు. నూలు చుట్టి వచ్చే పాత పేపర్లు కూడబలుక్కొని అక్షరాలు నేర్చుకున్నాను, తరువాత లైబ్రరీలో కనబడినవన్నీ చదివాను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే తాయెత్తు కట్టనివ్వకుండా దవాఖానకు నడిపించిన వాణ్ణి. దయ్యం అనే మాట నా నోట తిట్టుగా తప్ప ఇంకో తీరుగా వచ్చేది కాదు. ఇది చదివేవాళ్ళు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మా బిడ్డ పేరు మంజుల. ఇరవై ఏండ్లప్పుడు రాఘవకు ఇచ్చి పెండ్లి చేశాం. మంచి పిల్లవాడు, మా పక్క వీధిలోనే మగ్గం. పెండ్లయిన కొత్తలో ఎక్కడినుంచో ఆ పార్కు రంగుల కాగితం తెచ్చి మా మగ్గం ఎదురు గోడకు అంటించాడు. పెద్ద చక్రం, నీళ్ళలోకి జారే పడవ, బొమ్మల కోట. చేతిలో పని తెగగానే మంజులను తీసుకుపోతానన్నాడు. "ఏది ఎక్కినా నీ చెయ్యి ఇడువ" అని మా ముందే అనేవాడు. మా ఇంటామె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది.

ఆ ప్రయాణానికని నేనొక చీర నేశాను. ఉల్లిపొర రంగు నూలు, పట్టు అంచు. అంచు ఎర్రగా ఉండాలని మంజుల, చిలకపచ్చ ఉండాలని రాఘవ. ఇద్దరూ రోజూ మగ్గం దగ్గర నిలబడి పంచాయితీ. విసుగొచ్చి ఒక దిక్కు ఎరుపు, ఒక దిక్కు పచ్చ పెట్టి నేసి ఇచ్చాను. అట్లా రెండంచులు రెండు రంగులున్న చీరలు గద్వాలలో ఇంకెవరూ నేయరని నేననను. నేస్తారు.

ఆ చీర ఒక్కసారి కూడా కట్టలేదు. ఏడాది తిరగకముందే రాఘవ జ్వరంతో కర్నూలు దవాఖానలో పోయాడు. కొన్నాళ్ళకు మంజుల ఆ చీర తీసుకొని నన్ను బీచుపల్లికి రమ్మంది. కృష్ణమ్మకు ఇస్తానంది. మోకాలు లోతు నీళ్ళలో నిలబడి మడత విప్పి వదిలింది. చీర మెల్లగా పరుచుకొని, ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా, ఎవరో పడుకొని నీళ్ళమీద పోతున్నట్టు పోయింది. కనబడినంతసేపు చూశాం.

ఆ తరువాత ఇరవై ఏండ్లకు పైగా ఆమె మా ఇంట్లోనే మగ్గానికి నూలు కండెలు చుట్టింది. మాట్లాడేది, వండేది, అందరి పెండ్లిళ్ళకు పోయేది. నవ్వడం మాత్రం మానేసింది. చిరునవ్వు కాదు నేను చెప్పేది. రాఘవ ఉన్నప్పుడు ఆమె నవ్వితే వీధి చివరి మగ్గం దాకా వినిపించేది.

మొన్నటి ఏడు ఆమె మళ్ళీ పెండ్లి చేసుకుంది. పెద్దమందడిలో సేద్యం చేసే కుర్మయ్య. ఆయన భార్య చాలా కాలం కింద పోయింది, పిల్లలు లేరు. కులం వేరు, వయసు దాటింది, అయినా ఇద్దరికీ ఇష్టం. మాకు ఇంకేం కావాలి?

హనీమూన్ పోవాలన్నది నేనే. ఆ మాట కూడా నేను పేపర్లోనే నేర్చుకున్నాను. నల్లా దగ్గర ఈ సంగతి తెలిసి పక్కింటామె, "గీ వయసుల హనీమూనా? మోకాళ్ళ నొప్పుల మందు గిట్ల సంచిల వెట్టుకొని పోతరా ఏంది?" అన్నదట. మా ఇంటామె తక్కువది కాదు. "మా అల్లుడు ఎత్తుకొని తిప్పుతడు తీ. నీకెందుకమ్మా పరేషాన్?" అని బిందె ఎత్తుకొని వచ్చేసింది.

ఎండ తగ్గినాక మగ్గం గుంట గట్టు మీద కూర్చొని ప్రయాణం అల్లుకునేవాళ్ళం. ఆ సాయంత్రాలు ఇప్పుడు తలచుకుంటే మేము మేలుకొని ఉన్నామా అనిపిస్తుంది. పెంకుల సందుల్లోంచి వెలుతురు పడుగు దారాల మీద సన్నసన్నగా పడేది. మంజుల కండె చుడుతూనే ఊరి పేర్లు అడిగేది. ఒక్కో పేరూ దారంతో పాటు చుట్టుకుంటున్నట్టు ఉండేది.

చీరల మూటలతో ఆ దారిన తిరిగి తిరిగి ఉన్నాను కాబట్టి దారి నేను చెప్పాను. కృష్ణ దాటి హైదరాబాద్. ఒకరోజు చెరువులో పడవ, చార్మినార్. మరునాడు మొత్తం పార్కుకే. తిరిగి వచ్చేటప్పుడు శ్రీశైలం రోడ్డు పట్టుకొని ఉప్పునుంతలలో కుర్మయ్య అక్క ఇంట్లో ఒక రాత్రి. అక్కడినుంచి నల్లమలలో మల్లెలతీర్థం, ఆ నీళ్ళ కింద నిలబడాలి. తరువాత లింగాల మీదుగా సోమశిల, అక్కడ మళ్ళీ కృష్ణలో పడవ, ఆ మీద వనపర్తి దారిన ఇంటికి.

ఏ పార్కు అన్నది మాత్రం నేను చెప్పలేదు. నీకు ఏది చూడాలని ఉంది అని కుర్మయ్యే అడిగాడు. మంజుల చాలాసేపు కండె తిప్పింది. తరువాత గోడ వైపు చూసింది. రాఘవ అంటించిన కాగితం మీద ఏటేటా సున్నం పడి, అక్కడ ఇప్పుడు నలుచదరంగా ఒక ఉబ్బు మాత్రమే ఉంది.

కుర్మయ్యకు ఆ కథ తెలుసు. నెమ్మదిగా అన్నాడు. "ఆయన సూపిస్త అన్నది నేను సూపిస్త. అండ్ల తప్పేముంది మామా?"

ఆయనే మళ్ళీ అన్నాడు, "గని ఒక మాట. నేను ఎంత లోతు బాయిలకైన దిగుత. మీదికి మాత్రం ఎక్క. చక్రం ఆమెనే ఎక్కుతది, నేను కింద సంచులు వట్టుకొని నిలవడ్త."

మంజుల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చేదే, కొద్దిలో ఆగింది.

టికెట్టు జిరాక్స్ సెంటర్ పిల్లవాడు కంప్యూటర్లో తీసి, కాగితం మీద అచ్చు వేసి ఇచ్చాడు. ఒక్క కాగితం. నేను చూస్తుండగా వేశాడు. అది మడిచి మంజుల రవికె లోపలి సంచిలో పెట్టుకుంది. గేటు దగ్గరే మళ్ళీ తీసింది.

అక్కడ జరిగింది కుర్మయ్య నాకు చెప్పాడు. వాళ్ళు చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. గేటు కుర్రాడు కాగితం మీద మిషన్ పెడితే ఎర్ర లైటు వెలిగింది. ఇంకో మిషన్ పెట్టినా అంతే. ఈ టికెట్టు మీద ఇద్దరూ పొద్దున గేటు తీయగానే లోపలికి వెళ్ళినట్టు ఉందన్నారు. మేనేజరు వచ్చాడు. దొంగ టికెట్టు మాట అతనే అన్నాడు. కుర్మయ్య గొడవ పెట్టుకోలేదు, ఇంకో టికెట్టు కొంటానన్నాడు. మంజుల వద్దంది. గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చొని, లోపల తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ ఉండిపోయింది. మనుషుల అరుపులు, నవ్వులు గాలితో పాటు వచ్చి పోతున్నాయట. వాళ్ళు ఉప్పునుంతలకు పోలేదు, మల్లెలతీర్థం చూడలేదు. తిన్నగా గద్వాల వచ్చేశారు.

ఆ రాత్రి వాళ్ళమ్మ తలకు నూనె పెడుతుంటే మంజుల చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"లోపల ఎవరో నవ్విన్రమ్మా. నా నవ్వే అది. అప్పటి నవ్వు."

"ఊకో బిడ్డా, గంత మందిల ఎవరిదో."

"నా నవ్వు నాకు తెల్వదా? పోయినాయన నన్ను రానియ్యలేదు. నా జాగల నేను ముందే పోయిన. ఇగ నాకు జాగ లేదు."

ఆమె పెద్దమందడి పోలేదు. మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. కుర్మయ్య వారం వారం బండి మీద వచ్చేవాడు. ఒకసారి పల్లికాయ, ఒకసారి పచ్చి మిరపకాయలు తెచ్చి మగ్గం గట్టు మీద పెట్టి, ఒక గంట కూర్చొని పోయేవాడు. రమ్మని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆమె రానని చెప్పి ఉండేది, ఆ మాట బయటపడితే ఇక వెనక్కి తీసుకోవడం ఉండదని ఆయనకు తెలుసనుకుంటాను. నల్లా దగ్గర మాత్రం అందరికీ మాటలు దొరికాయి.

నాకు కోపం పట్టింది. చచ్చినవాడు గేటు దగ్గర నిలబడి అడ్డుకుంటాడా? ఎవడో బతికున్నవాడు చేసిన మోసం ఇది, వాణ్ణి పట్టుకొని మా బిడ్డ ముందు పెడితే ఆమె భ్రమ పోతుంది, కాపురం నిలబడుతుంది అనుకున్నాను. ముందు జిరాక్స్ సెంటర్ మీద పడ్డాను. ఇంకో కాగితం ఎవరికి అమ్మావురా అని అడిగాను. ఆ పిల్లవాడు ఏడ్చినంత పని చేశాడు. వాళ్ళ నాయన నాతో ఇప్పటికీ మాట్లాడడు.

తరువాత పార్కుకు రాశాను. పైసలు వాపసు అడగలేదు. మా బిడ్డ టికెట్టు మీద లోపలికి పోయింది ఎవరు, అది చెప్పండి చాలు అని రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని ఇంగ్లీషులో అచ్చు కాగితం వచ్చింది. తెలుగులో రాస్తే తెలుగులో జవాబు ఇవ్వడం మర్యాద అని మళ్ళీ రాశాను. కెమెరా బొమ్మలు అన్ని రోజులు దాచరని ఒకటి వచ్చింది. ఈసారి వస్తే తగ్గింపు ఇస్తామని ఇంకొకటి. నేను ఆపలేదు. గేటు దగ్గర మిషను ఒక్కటే ఉండదు కదా, మనిషి కూడా ఉంటారు కదా, ఆ మనిషిని అడగండి అని రాశాను. రిజిస్టరు పోస్టులో రాస్తూనే ఉన్నాను.

నా ఉత్తరాల్లో రాఘవ పేరు ఎక్కడా రాయలేదు. మా బిడ్డది రెండో పెండ్లి అని రాయలేదు. చీర సంగతి అసలే లేదు. అది వాళ్ళకు అనవసరమని నా పట్టుదల. నకళ్ళు ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

నెలలు గడిచాక ఒక తెలుగు జవాబు వచ్చింది. గీతల కాగితం మీద నీలం సిరాతో, చేత్తో రాసింది. నేను చదివి మంజులకు ఇచ్చాను. ఆమె గడప మీద కూర్చొని చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తరువాత రాట్నం దగ్గరికి పోయి, సగం చుట్టిన కండె తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది.

"నాయినా, ఆయనకు ఫోన్ చెయ్. బండి మీద రమ్మను. సంచి సదురుకుంటున్న అని చెప్పు."

కుర్మయ్య వచ్చేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. "సోమశిల కాడికెళ్లి మొదలువెడ్దమా? పడవ అయితే నీకు భయం లేదు గద," అంది. ఆయన ఏదో అన్నాడు, నాకు వినబడలేదు. ఆమె నవ్వింది. మా ఇంటామె వంటింట్లోంచి గరిటె చేతపట్టుకొనే బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ నవ్వు వీధి చివరి మగ్గం దాకా పోయి ఉంటుంది.

వాళ్ళు ఇప్పుడు పెద్దమందడిలో ఉన్నారు. నేను మాత్రం ఆ కాగితం ముందు పెట్టుకొని కూర్చుంటాను. మా కథ తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ జవాబు రాసినామెకు చెప్పి రాయించారా అని విచారించాను. దొరకలేదు. చీరలు ఒకేలాంటివి ఉంటాయి, జంటలు ఒకేలాంటివి ఉంటాయి, మిషన్లు తప్పు చదువుతాయి. ఇవన్నీ నేనే నాకు చెప్పుకున్నాను. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఈ జవాబుకు ఎదురు జవాబు నా దగ్గర లేదు. వచ్చింది వచ్చినట్టు ఇక్కడ రాస్తున్నాను.

"అయ్యా, నమస్కారం. నేను పార్కు గేటు దగ్గర పనిచేస్తాను. కాన్పుకు పోయి మొన్ననే మళ్ళీ పనిలో చేరాను. ఆ రోజు పొద్దున డ్యూటీ నీదే కదా, నువ్వే జవాబు రాయి అని మీ ఉత్తరాలు నాకు ఇచ్చారు. ఆ రోజు గేటు తీయగానే వచ్చిన జంట నాకు బాగా గుర్తుంది. ఆ అమ్మాయికి ఇరవై ఏండ్లు ఉంటాయి. కొత్తగా పెండ్లయిన వాళ్ళలాగా ఉన్నారు. ఆమె చీర చూసి నేనే మాట కలిపాను. ఉల్లిపొర రంగు, ఒక దిక్కు ఎర్ర అంచు, ఇంకో దిక్కు పచ్చ అంచు. కుచ్చిళ్ళు తడిసి నీళ్ళు కారుతున్నాయి. లోపల నీళ్ళ ఆటలు ఇంకా మొదలే కాలేదు, ఎట్లా తడిసిందమ్మా అంటే, కృష్ణ దాటొచ్చినం గద అని నవ్వింది. ఆమె నవ్వు చూసి లైనులో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. అతను ఆమె చెయ్యి వదలకుండా, ఎడమ చేత్తోనే టికెట్టు చూపించాడు. లోపలికి పోతూ ఒక్కసారి వెనక్కి వచ్చి నాతో, 'మా ఎనక ఇంకో జంట వస్తరు, జర పెద్దోళ్ళు. మా టికెట్టే వాళ్ళది. ఆమె సిగ్గువడి బయటనే నిలవడ్తది, మీరే లోపలికి పిలువున్రి' అన్నాడు. సరే అన్నాను. తప్పు నాది. డ్యూటీ మారేటప్పుడు ఆ మాట చెప్పడం మరిచిపోయాను."