తెర వెలుతురు కొలిచిన పూట

మొన్న బెంగుళూరులో సినిమాకు వెళితే, ఆట మొదలయ్యే ముందు తెర బొమ్మేమీ లేకుండా తెల్లగా వెలిగి అలాగే ఉండిపోయింది. నాకు కదిరిలోని పాత హాలు గుర్తొచ్చింది. చిన్ననాటి ఉక్రోషమే మళ్ళీ వచ్చింది.

మా నాయన ఆ హాల్లో ఆపరేటరు. "రేపు పొద్దున తెర చూసేదానికి మనిషి వస్తాండాడు" అన్నాడొకసారి. తెర చూడడమంటే సినిమా చూడడమేననుకుని, నా స్నేహితురాలు షబానాను కూడా వెంటబెట్టుకుపోయాను.

వచ్చినతను కెమెరా లాంటి మీటరును కంటికి ఆనించుకుని, బొమ్మ లేకుండా తెల్లగా వెలిగించిన ఖాళీ తెర నుంచి వచ్చే వెలుతురును మూలమూలకూ కొలుస్తూనే ఉన్నాడు. ఫ్యాన్లు వేయలేదు. కుర్చీల్లో నల్లులు కుడుతున్నాయి.

"సినిమా యాడుందే? అన్నీ అబద్ధాలే!" అని షబానా విసురుగా లేచి వెళ్ళిపోయింది.

ఏడుస్తూ నాయన దగ్గరికి పోయాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తెర పాతబడిందన్నా. ఉండాల్సినంత వెలుతురు రావడం లేదు. మార్చాల్సిందే" అంటున్నాడు మీటరు మనిషి.

ఇంటికి పోతూ నాయన మెల్లగా అన్నాడు. "దినామూ చూస్తాంటి గదమ్మా. మసకబారిండేది నాకే తెలీలేదు."

"మళ్ళ సినిమా ఎప్పుడేస్తావు?" అని చెయ్యి విదిలించుకున్నాను.

నాయన మళ్ళీ నా చెయ్యి పట్టుకుని నడిచాడు. హాలు యజమాని కొత్త తెర కొనడని ఆయనకు ఆ దారిలోనే తెలిసిపోయినట్టుంది. నాకు మాత్రం హాలుకు తాళం పడ్డాక తెలిసింది.