పొర తీయడానికి నాలుగు చేతులు

ఎంత మరిగించినా చివరి కాస్త నీళ్ళు ఆల్కహాలును వదిలిపోవు. రెండూ కలిసే ఆవిరవుతాయి. ఆ కాస్త నీటిని తనగుండా పోనిచ్చి ఆల్కహాలును ఇవతలే ఆపే పలచటి పొర చేయడమే నా పీహెచ్‌డీ. రెండు రకాల పాలిమర్లను నీళ్ళలో కరిగించి, కలిపి, గాజు పలక మీద పోసి ఆరబెట్టాలి. తిరువూరు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని, నలభై ఏడేళ్ళవాణ్ణి, నాకీ పని ఎందుకని అందరూ అడిగారు. "బ్రాందీ షాపువాళ్ళు నీళ్ళు కలుపుతుంటే మీరేమో తీస్తానంటున్నారు. బతకనిస్తారా సార్?" అని స్టాఫ్ రూములో ఒకాయన అంటే నవ్వాను గానీ, ఒళ్ళు మండింది.

ల్యాబు నిండా దుమ్ము. అందుకని పలక ఇంటికే తెచ్చి, మధ్యగదిలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి ఆరబెట్టేవాణ్ణి. ఆ ఉక్కకు నా భార్య ఒక్క మాటా అనేది కాదని రాస్తే అబద్ధం. చాలానే అనేది.

మొదటి మూడు పొరలూ గాజు మీంచి తీస్తుంటే చిరిగాయి. మిట్టమధ్యాహ్నం బ్లేడుతో అంచు లేపుతున్న నన్ను చూసి, "ఈ ఎండలో తీస్తే తాండ్ర కూడా పగులుతుందండీ. పొద్దున్నే తీద్దాం" అంది మా ఆవిడ. పుట్టిల్లు రెడ్డిగూడెం, చాప మీంచి మామిడి తాండ్ర తీయడం చిన్నప్పటినుంచీ తెలుసు. నాకు కెమిస్ట్రీ చెబుతావా అని విసుక్కున్నాను. మర్నాడు పొద్దున్నే కిటికీ తెరిచింది. గాలిలో చెమ్మకు పొర మెత్తబడింది. ఆవిడ రెండు మూలలు, నేను రెండు మూలలు పట్టుకుంటే చిరక్కుండా వచ్చింది. అప్పటినుంచీ పొర తీసేది ఇద్దరమే. తను పాఠాలు చెప్పే స్కూలుకు వెళ్ళే ఆటో వీధి చివర హారను కొడుతున్నా మూల వదిలేది కాదు.

కిందటేడు జ్వరమని ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పది రోజులకు ఒక్కణ్ణే ఇంటికొచ్చాను.

ఆ తర్వాత ప్రతి పొరా చిరిగింది. పాళ్ళు కుదరడం లేదని గైడుకు చెప్పాను. పాళ్ళు అవే. అవతలి మూల పట్టుకునే చెయ్యి లేదని ఏమని చెప్పను? ఇంకొక్క పొర రాకపోతే థీసిస్ ఆగిపోతుంది. కాలేజీ అటెండరును సాయం పిలవమని స్టాఫ్ రూములో అన్నారు. పిలవబుద్ధి కాలేదు.

మొన్న ఆదివారం పొద్దున కిటికీ తెరిచి, చెమ్మ పట్టేదాకా కూర్చున్నాను. బ్లేడుతో లేపిన రెండు మూలలకు బట్టల క్లిప్పులు పెట్టి దండేనికి తగిలించాను. మిగతా రెండూ నేనే పట్టుకుని మెల్లగా లాగాను. పొర వచ్చింది. వెలుతురుకెత్తి చూశాను, ఎక్కడా చిల్లు లేదు.

ఇన్నాళ్ళూ పొర చిరిగినప్పుడల్లా, ఆవిడ లేకుండా ఈ పని జరగదని లోపలెక్కడో ఊరటగా ఉండేది. ఇక ఆ ఊరట కూడా లేదు.