నల్లపొగొస్తే నేనే

రైలు పట్టాలు తప్పిన కథలు మీరు వినే ఉంటారు. రైళ్లు ఢీకొన్న కథలూ వినే ఉంటారు. రైలుకు ఊపిరాడక ఆగిపోయిన కథ మాత్రం విని ఉండరు. వినండి. ఆ ఘనకార్యం చేసినవాణ్ణి నేనే. అది కూడా ఎవరూ చూడని అడవిలో కాదు. మా ఊరి ముందర, ఊరు ఊరంతా కళ్లప్పగించి చూస్తుండగా, మా బాపు తలకు కొత్త రుమాలు చుట్టుకుని నిలబడ్డ చోట.

అసలు నేను ఇంజను దాకా ఎట్లా వెళ్లానో ముందు చెప్పాలి. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డప్పుడు, మా నౌకరీలు మాకే కావాలని మానుకోట వీధుల్లో గొంతు చించుకున్న పోరగాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏ నౌకరి కావాలో మాత్రం అప్పటికి ఆలోచించలేదు. తర్వాత కొన్నేళ్లకు రైల్వేలో దొరికింది. దొరికిన రోజే మా బాపు ఊరంతా తిరిగి "మా పోరడు రైలు నడుపుతడు" అని చాటింపు వేసినంత పని చేశాడు.

రైలు నడపడమా! డ్రైవరు కావాలని వెళ్లినవాడి చేతికి వాళ్లు మొదట ఇచ్చేది నూనెగుడ్డ. షెడ్డులో ఇంజను కింద దూరి మసి తుడవాలి. సాయంత్రం బావి దగ్గర నాలుగు బిందెలు కుమ్మరించుకుంటే గానీ నా చెవులు నాకు దొరికేవి కావు. ఆ మసి చదువు పూర్తయ్యాక పార ఇస్తారు. పారతో బొగ్గు వెయ్యడం ఏళ్ల తరబడి నేర్చుకోవాలి. ఆ తర్వాతెప్పుడో, దేవుడూ పైఅధికారులూ ఒకేరోజు కరుణిస్తే, డ్రైవరు కుర్చీ. ఇవన్నీ బాపుకు చెప్పాను. ఆయన చివరి ముక్క ఒక్కటే విన్నాడు.

నాకు పార పట్టడం నేర్పింది డ్రైవరు ఖాసిం సాబ్. గోరింటాకు పెట్టిన ఎర్ర గడ్డం, ఇంజను కూత కంటే పెద్ద గొంతు. మొదటి రోజే నన్ను మంట ముందర నిలబెట్టి పాఠం చెప్పాడు.

"గిది పెండ్లి పొయ్యి గాదు బేటా. పసిపోరనికి బువ్వ తినిపిచ్చినట్టు తినిపియ్యాలె. జర్ర జర్ర, నాలుగు మూలలకు పల్సగ సల్లాలె. గంపెడు ఒక్కపారె నోట్లె కుక్కితే ఊపిరాడక సస్తది."

"పొగ మంచిగ నల్లగొస్తె సాబ్?"

"నల్లగొస్తె బొగ్గు కాలుతలేదన్నట్టు. పనోడు పార పడితే పొగ కనవడనే కనవడదు. సమజైందా?"

"సమజైంది సాబ్" అన్నాను. అబద్ధం. ఒక చెవితో విని రెండో చెవితో షెడ్డులోనే వదిలేశాను. చిన్నప్పుడు మా పొలం గట్టు మీద కూర్చుని రైళ్లు చూసినవాణ్ణి నేను. ఎంత పొగొస్తే అంత గొప్ప బండి! పొగ రాని ఇంజను, మీసం లేని పట్వారీ, ఈ రెంటికీ మా ఊళ్లో మర్యాద లేదు.

ఆ రోజుల్లో ఒకసారి సెలవు మీద ఇంటికి వచ్చాను. మా పెద్దనాయిన, అంటే బాపుకు సొంత అన్న, కళ్లంలో మంచం మీద కూర్చుని పిలిచాడు. ఆయన పెద్ద రైతు. కేసముద్రం మార్కెట్లో ఆయన బండ్లు కనబడితే అడ్తిదారు లేచి నిలబడతాడని ప్రతీతి. ఆ ప్రతీతి పుట్టించింది కూడా ఆయనే.

"ఏందిర, రైలు నడుపుతున్నవట?"

"నేర్సుకుంటున్న పెద్దనాయిన."

"ఏం నేర్సుకున్నవ్ ఇప్పటిదాక?"

"బొగ్గు ఏసుడు."

కళ్లంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పెద్దనాయిన అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

"మా జీతగాడు గూడ పార పడ్తడు గదర! రేపటి సంది వాన్ని గూడ డైవర్ సాబ్ అని పిలుద్దామా తమ్ముడూ?"

ఆ చివరి మాట మా బాపుకు. బాపు తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీరాడు. పంట పోయినప్పుడు కూడా ఆయన తల దించుకోవడం నేను చూడలేదు. నాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు నోరు ముయ్యాలని పెద్దలు చెప్పారు. ఆ పెద్దల్లో మా పెద్దనాయిన లేడు కాబట్టి నేను నోరు తెరిచాను.

"పెద్దనాయిన, వచ్చే అంగడి నాడు డోర్నకల్ కెల్లి బొగ్గు బండి మీద నేనే వస్త. అందరు పట్టాల కాడికి రాండ్రి. ఆకాశం నల్లబడేటట్టు పొగ ఇడుస్త. నల్లపొగొస్తే నేనే!"

బాపు తల ఎత్తాడు. ఆ ఎత్తిన తల మళ్లీ దిగకూడదు. ఇక నా బతుకంతా ఆ పొగ మీదే ఉంది.

అంగడి నాడు రానే వచ్చింది. ముందురోజు వాన పడి బొగ్గంతా తడిసి ముద్దయింది. ఇంజను మీద మేం ముగ్గురం. ఖాసిం సాబ్, పాత ఫైర్‌మన్ కొమురన్న, నేను. మానుకోట దాటాక కొమురన్న వెనక బొగ్గు పెట్టెలోకి ఎక్కి, బొగ్గును ముందుకు లాగుతున్నాడు. సాబ్ తన వైపు కిటికీలోంచి తల బయటపెట్టి సిగ్నల్ కోసం చూస్తున్నాడు. పార నా చేతిలో ఉంది. దూరంగా మా ఊరి తాడిచెట్లు కనిపిస్తున్నాయి. ఇంతకంటే మంచి ముహూర్తం మా ఊరి అయ్యగారు కూడా పెట్టలేడు.

ఒక పార వేశాను. కొంచెం పొగ. ఇది పెద్దనాయినకు చాలదు. ఇంకొకటి. ఇంకొకటి. బొగ్గు పల్చగా చల్లడాలు, మూలలు చూసుకోవడాలు, అన్నీ గాలికి పోయాయి. అత్తగారు కొత్తల్లుడికి వడ్డించినట్టు కుప్పలు కుప్పలుగా కుమ్మరించాను. అబ్బ, ఏం పొగండీ అది! ఎనుబోతుల మంద ఆకాశంలోకి ఎక్కినట్టు లేచింది. నా గుండె బస్తాలాగా ఉబ్బింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ సామెత కట్టినవాడు నన్ను చూడలేదు. నా ఇంజనులో నిప్పు లేకుండానే పొగ వచ్చింది. తడి బొగ్గు కింద మంట చచ్చి ఊరుకుంది. ఆవిరి ఎంతుందో చూపే ముల్లు కిందికి జారింది. బండి ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ముక్కింది, మూలిగింది. ఆవిరి మరీ పడిపోతే బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. పట్టుకున్నాయి. సరిగ్గా మా ఊరి ముందర, పట్టాల పక్కన నిలబడ్డ జనం ఎదురుగా, బండి నిట్టూర్చి ఆగిపోయింది.

 అంతలో మా బాపు గొంతు ఖంగుమంది.

"సూసినవా అన్నా? మన కోసం రైలే ఆపిండు!"

ఇక చూడండి! ఊరంతా ఇంజను మీదికి ఉరికింది. పొద్దున్నే సద్దిమూటలు కట్టుకుని వచ్చి కూర్చున్నారట పాపం. మా అవ్వ పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చి ఇంజనుకు బొట్లు పెట్టింది. ఎవరో చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. కదిలే చక్రమైతే కదా అది నలిగేది!

లోపల ఖాసిం సాబ్ మంట తలుపు తీసి చూశాడు. ఆయన గడ్డం వణికింది.

"ఏం జేసినవ్‌ర?"

"జర్ర బొగ్గేసిన సాబ్."

"జర్రనా? గిది పొయ్యి లెక్కున్నదా? గోరి లెక్కున్నది! నా ఇంజన్‌ను బతికుండంగనే బొంద వెట్టినవ్. కాజీపేటకు పోనీ, నీ పార గుంజుకోని ఇంటికి తోలకపోతే నా పేరు ఖాసిం గాదు!"

 కిందేమో హారతి, పైనేమో ఉద్వాసన. అప్పుడే బాపు ఇంజను మెట్టు ఎక్కి, రుమాలు సర్దుకుని, చేతులు జోడించాడు. వెనకాల పెద్దనాయిన చెవులు రిక్కించి నిలబడ్డాడు.

"సలాం సాబ్. గా పోరని తండ్రిని. మావోడు మంచిగ పని జేస్తుండా?"

 సాబ్ ఉన్నమాట చెబితే బాపు ఈ ఊళ్లో మళ్లీ రుమాలు చుట్టడు. సాబ్ నా వైపు చూశాడు. బాపు కొత్త రుమాలు చూశాడు. ఇంజను మీది బొట్లు చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"పటేలా, నా ఉమర్ అంత రైళ్లల్లనే పోయింది. గిసొంటి పోరన్ని నేనెన్నడు సూడలే."

బాపు ముఖం పున్నమి చంద్రుడైంది. "ఇన్నవా అన్నా?" అని వెనక్కి తిరిగాడు. పెద్దనాయిన దగ్గాడు. నేను మాత్రం సాబ్ కాళ్ల మీద పడలేక పార పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు ఆయన కాపాడింది నా నౌకరిని కాదు, మా బాపు తలను. ఇప్పటికీ ఆయన్ను తలుచుకుంటే చేతులు వాటంతటవే జోడవుతాయి.

"గని పటేలా, జర్ర ఎండు కట్టె గావాలె" అన్నాడు సాబ్. "ఇంజన్‌కు పూజ జేసిండ్రు గద, మీ ఊరి కట్టెతోని మంటేస్తె శుభం."

వెనక వ్యాగన్లలో కొండలకొద్దీ బొగ్గు. ముందర ఇంజనుకు పుల్లలు అడుక్కుంటున్నాం. సముద్రంలో నిలబడి ఉప్పు చేబదులు అడగడమంటే ఇదే.

దగ్గర్లో ఉన్న ఎండు కట్టె ఎవరిది? పెద్దనాయినదే! మంచెకింద వాన తగలకుండా దాచుకున్న కందికట్టె కుప్ప. "సర్కారు బండి అన్నా, ఇయ్యనంటె బాగుండది" అన్నాడు బాపు నెమ్మదిగా. పెద్దనాయిన దిక్కులు చూసి తలాడించాడు. ఆడా మగా వరస కట్టి మోపులు అందించారు. కొమురన్న చచ్చిన బొగ్గును గోకి కిందికి లాగాడు. కందికట్టె చిటపటలాడింది. ఇంతలో గార్డు ఎర్రజెండా పట్టుకుని వెనకనుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏమైంది ఖాసిం సాబ్? బండెందుకు ఆగింది?"

"తడి బొగ్గు" అన్నాడు సాబ్.

"మరి ఈ బొట్లు?"

"గవి పొడియే."

ఆవిరి లేచింది. కూత వేసి బండి కదిలింది. నిమ్మకాయ నలిగింది. ఊరు చప్పట్లు కొట్టింది. మా ఊరి కట్టెతో, మా ఊరి చేతులతో రైలు కదలడం చూసి నాకు సిగ్గుతో పాటు గర్వం కూడా ముంచుకొచ్చింది. ఏం మనిషిని చెప్పండి!

నా పార గుంజుకోలేదు కానీ సాబ్ నన్ను ఊరికే వదల్లేదు. షెడ్డులో ఇంజన్ల బూడిద రాల్చే గుంతలో దింపి, వానాకాలం అయిపోయేదాకా బూడిద ఎత్తించాడు. తర్వాత మళ్లీ మంట ముందర నిలబెట్టాడు. ఈసారి రెండు చెవులతో విన్నాను. జర్ర జర్ర, పల్చగా, నాలుగు మూలలకు. చలికాలం వచ్చేసరికి నా మంట వెండిలాగా తెల్లగా వెలిగేది. గొట్టంలోంచి పొగ కనబడేదే కాదు. ఒకరోజు సాబ్ పైకి చూసి, "శభాష్" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఇంకో వానాకాలం బూడిద ఎత్తమన్నా ఎత్తేవాణ్ణి.

ఆ పనితనంతో మా ఊరి ముందర నుంచి ఎన్నిసార్లు పోయానో! బండి గాలిలాగా పోయేది. ఊరివాళ్లు అటు చూసేవారు, మళ్లీ పనిలో పడేవారు. అంతా బాగుందనుకుని సంబరంగా సెలవు మీద ఇంటికి వెళ్లాను. బాపు నన్ను గడప దగ్గరే ఆపి, పెద్దనాయినకు వినబడకుండా గుసగుసగా అడిగాడు.

"నిజం జెప్పు బిడ్డా, నౌకరి ఊడిందా?"

"ఊడుడేంది బాపూ? దినాం మన ఊరి మీదికెల్లే పోతున్న గద!"

"మరి పొగేదిరా? పట్టాల కాడ రోజు సూస్తున్న. ఎవడో పనిరానోడు నడుపుతుండు, ఉత్తగ పోతుంది బండి."

పొగ రాకపోవడమే పనితనమని గంటసేపు విడమరిచి చెప్పాను. బాపు అంతా విన్నాడు. తలాడించాడు. చివరికి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు గొప్పోనివే బిడ్డా, నాకు తెల్సు. గని మీ పెద్దనాయినకు గిదంత నేనెట్ల సమజ్ జెయ్యాలె? నెలకొక్కపారి జరంత పొగ ఇడువు."

కాబట్టి పాఠకులారా, మంట సాక్షిగా, ఆవిరి సాక్షిగా, ఖాసిం సాబ్ ఎర్ర గడ్డం సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను. నా చేత్తో మంటలో ఒక్క పార కూడా ఎక్కువ వెయ్యను, ఊరి మెప్పు కోసం ఇంజను గొంతు నొక్కను. ఈ ప్రమాణం నేను ఫైర్‌మన్‌గా ఉన్నన్నాళ్లూ తప్పలేదు. తర్వాత డ్రైవర్నయ్యాను. అప్పుడు పార నా చేతిలో ఉండేది కాదు కదా. నెలకోసారి మా ఊరు దగ్గరపడగానే, "తమ్మీ, ఒక్క పార ఎక్కువెయ్యి" అనేవాణ్ణి.