సగం నొక్కిన బటన్

చేతిలో కెమెరా ఉన్నవాడికి లోకమంతా లోకువగా కనిపించిన రోజులవి. ఫోన్లు మాట్లాడుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికొచ్చేవి కావు. అనకాపల్లిలో మాది బెల్లం కొట్టు. అందులో కూర్చుంటే ఈగలు తోలుకుంటూ ముసలివాణ్ణయిపోతానని నా భయం. స్టూడియో పెడతానని ప్రాణం తీస్తే చివరికి నాన్న, "అక్క పెళ్లి ఫొటోలు నువ్వే తియ్యి. బాగొత్తే స్టూడియో, నేదంటే కొట్లో కూకో," అన్నాడు. అంతటితో ఊరుకోక, "జీలకర్ర బెల్లం ఫొటో మాత్రం తప్పకూడదు. ఆ బెల్లం దిమ్మ నా చేత్తో ఏరేను," అన్నాడు. (కూతురు వెళ్లిపోతోందన్న దిగులు కన్నా బెల్లం ఫొటోలో పడుతుందో లేదోనన్న దిగులే ఈయనకి ఎక్కువని నవ్వుకున్నాను.)

కెమెరా డిజిటల్‌ది. బటన్ సగం నొక్కితే మధ్యలో ఉన్నదానిమీద ఫోకస్ కుదిరి కీచుమంటుంది. అలాగే నొక్కిపట్టి, కావలసినట్టు పక్కకి తిప్పుకుని, అప్పుడు పూర్తిగా నొక్కాలి. ఇదంతా నాకు బాగానే వచ్చు. చిక్కల్లా మా బంధువులతోనే. కీచుమనగానే ఫొటో అయిపోయిందని లేచి వెళ్లిపోయేవారు. ఈ గోడు నా స్నేహితుడితో వెళ్లబోసుకుంటే, వాడు కెమెరా అటూ ఇటూ తిప్పి, "కదిలేవాటికి ఇందులో వేరే పద్ధతుంది మామా. కీచుమనదు కూడాను. పెళ్లిలో జనాలు కదుల్తారు కదేటి, ఇదే పెట్టెయ్," అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. ఆ పద్ధతిలో సగం నొక్కిపట్టినంతసేపూ కెమెరా మధ్యలోకి ఏదొస్తే దానివెంట పడుతూనే ఉంటుందని మా ఇద్దరికీ తెలిస్తే కదా!

ముహూర్తం వేళ అక్కా బావా ఒకరి తలమీద ఒకరు చేతులు పెట్టుకున్నారు. అక్క ముఖం మీద ఫోకస్ పెట్టి, బావ కూడా పడేలా పక్కకి జరిపి నొక్కాను. వెనకాల అగ్గిపెట్టెంత స్క్రీన్‌లో అన్నీ లక్షణంగా కనిపించాయి. పెళ్లి భోజనంలో కూర్చుని స్టూడియోకి పేరు కూడా ఆలోచించేశాను.

విశాఖలో ప్రింట్లు వేయించి, ఆ షాపు మెట్లమీదే కూలబడ్డాను. ఏ ఫొటో చూసినా అక్కా బావా పొగమంచులో కూర్చున్నట్టున్నారు. ఇద్దరి మధ్య సందులోంచి మాత్రం వెనకాల జనం మీసాలతో సహా స్పష్టంగా ఉన్నారు. జీలకర్ర బెల్లం ఫొటోలో ఆ సందులో ఉన్నది నాన్న. మిగిలిన బెల్లంముక్క నోట్లో వేసుకున్నట్టున్నాడు, బుగ్గ ఉబ్బి ఉంది (ఆయనకి షుగర్, బెల్లం ముట్టనని అమ్మకి ఒట్టేశాడు). కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. నాన్న ఏడవగా నేనెన్నడూ చూడలేదు. కానీ అప్పుడు అదీ పట్టలేదు. నా బతుకు తెల్లారిపోయిందని నా ఏడుపు నాది.

"పెళ్లి దానిదా, మీదేటండీ? ఒట్టేసి మరీ ఆ బెల్లం ఏటి?" అని అమ్మ విరుచుకుపడింది. నాన్న ఫొటో చాలాసేపు చూసి, బోర్లించి, "రేపు పొద్దున్నే కొట్టు తియ్యాల," అన్నాడు, నాకేసి చూడకుండా.

ఇక అక్కకి ఏ మొహం పెట్టుకుని చూపించను? ఎలమంచిలి బస్సెక్కి, వాళ్లింట్లో ఆల్బం దాని చేతికిచ్చి, తిట్ల కోసం తల వంచుకు కూర్చున్నాను. పేజీలు తిప్పుతూ అక్క ఆ ఫొటో దగ్గర ఆగిపోయింది. "నాన్న ఏడిసేడేట్రా! అంపకాలప్పుడు కూడా కంట నీరెట్టనేదని ఎంత కుమిలిపోయేనో," అంది. ఆ ఒక్కటీ ఊడదీసి బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది.

ఇప్పుడు ఫోన్లు మొహాలని వాటంతటవే వెతుక్కుంటున్నాయి. నేను కొట్లోనే ఉన్నాను, ఈగలు తోలుకుంటూ. నాన్న పోయాక అక్క ఇచ్చిన ఆ ఫొటో గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాను. బేరానికొచ్చినవాళ్లు చూసి, "పెద్దాయన ఎంత బాగా పడ్డారండీ! ఎవరు తీశారు?" అంటారు. మెట్లమీద కూలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది.

"ఎవరో స్టూడియో ఆయనండీ," అని చెప్పి, బెల్లం తూస్తాను.