మెమరీలకెల్లి ఎగిరిపోయిన నెమళ్ళు

అక్క బిడ్డ పెండ్లిచీరకు డిజైన్ నేనే గీస్తున్ననని ఊరంత చెప్పుకున్న. ఇప్పుడు ఆ చీర ముచ్చటొస్తే మెల్లగ మాట మారుస్తున్న. ఎందుకో ఛాయ్ సల్లారకముందే ఇనుండ్రి.

నేను ఊరిడిసొచ్చి, ఉధ్నాల ఒక సాంచల కార్ఖానల, అంటే మరమగ్గాల షెడ్డుల, డిజైనర్‌ను. కంప్యూటర్ల నేను బొమ్మ గీస్తే, సాంచ మీద అది చీరై దిగుతది. పెండ్లిపిల్ల మౌనిక ఫోన్ చేసి, "మామా, అంచు నిండ నెమళ్ళు కావాలె. జర్రంత ఖాళీ కూడ కనవడొద్దు!" అన్నది. "నెమళ్ళ గుంపునే దింపుత బిడ్డా" అన్న.

మా శేఠ్ మంచోడే. "శంకర్‌భాయ్, ఆజ్ ఏక్ మశీన్ ఖాలీ హై. తీన్ బజే తక్ డిజైన్ దే దో" అన్నడు. మూడు దాటితే దాని మీద వేరే మాల్ ఎక్కుతది. మళ్ల పెండ్లిదాంక సాంచ దొరకదు.

రెండు దినాల సంది కూసొని, ఒకదాన్ని పోలింది ఇంకోటి లేకుండ పన్నెండు నెమళ్ళు గీసిన. పావు తక్కువ మూడుకు పని ఖతం. ఇచ్చేసి రావాలె గదా? ఇయ్యలే! ఇంక పావుగంట ఉన్నదని ఫోన్ల ఒక వీడియో పెట్టిన. "మీ కంప్యూటర్ల మెమరీ ఎంత ఫ్రీ ఉందో ఒకసారి చూస్కోండి" అంటున్నడు ఒగాయన.

చూసిన. ఎనిమిది జీబీలల్ల ఫ్రీ నూరు ఎంబీ కూడ లేదు! కంప్యూటర్ మాత్రం మంచిగనే నడుస్తున్నది. నాకే ఆ నంబర్ నచ్చలే.

ఇగ బంద్ చేసుడు షురూ. పాటలు బంద్, ఫోటోలు బంద్. ఫ్రీ జర పెరిగింది. కంప్యూటర్ల ఏమేం నడుస్తున్నయో చూపే లిస్టుల అన్నిటికంటె పైన ఏదో పొట్టి పేరు, దాని పక్కన అంకెలు, రెండు జీబీలు మింగి కూసున్నది. "దొంగ దొరికిండు!" అని దాన్ని బంద్ చేసే బటన్ నొక్కిన. సేవ్ చేయాల్నా అని కూడ అడగకుంట పాణమిడ్సింది. ఫ్రీ నంబర్ దన్న లేచింది. మస్తు సంబురమైంది.

తీరా డిజైన్ తీద్దామని చూస్తే సాఫ్ట్‌వేరే లేదు. నేను చంపిన దొంగ అదే!

మళ్ల నొక్కిన. తెరుచుకోదు, తిరుగుతనే ఉన్నది. మా ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే లక్ష్మక్క వచ్చి, "ఏంది తమ్మీ, మొఖం గట్ల పెట్టినవ్?" అన్నది. అంత చెప్పిన. నెత్తి కొట్టుకున్నది.

"షెడ్డుల సాంచలు ఎన్ని ఖాళీగ ఉంటె శేఠ్ ఖుషీ అయితడు?"

"ఒక్కటి కూడ ఉండొద్దంటడు."

"మెమరీ కూడ గంతే. జాగ ఉత్తగ ఎందుకని, నువ్వు మళ్ల అడుగుతవేమోనని పాత ఫైళ్ళు అండ్ల పెట్టుకుంటది. వేరే పనికి జాగ కావాలంటే అవ్వి తీసేసి ఇస్తది. చూడాల్సింది ఫ్రీ కాదు తమ్మీ, గట్ల అడిగితే ఇయ్యగలిగే జాగ, అవైలబుల్. అదెంతుండె?"

"మూడు జీబీలు."

"మరి ఇంకేం కావాలె నీకు?"

ఇరవై ఏండ్ల సంది సాంచల నడుమ బతుకుతున్న. ఖాళీగ ఉంచుడంటే నష్టమని నాకు తెల్వదా!

ఆఖరికి తెరుచుకున్నది. అండ్ల ఒక్కటే నెమలి. మొదటి దినం ఒకసారి సేవ్ చేసిన, గంతే. మిగిలిన పదకొండు ఎగిరిపోయినయ్. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. పోనీ ఆ ఒక్కదాన్నే కాపీలు కొట్టి అంచు నింపుదామంటే, శేఠ్ వచ్చి "టైమ్ హో గయా" అని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకొని పోయిండు.

చీర దిగింది. ఒక నెమలి, మిగిలిన పదకొండింటి జాగల మూరెడు ఖాళీ. మళ్ల ఒక నెమలి, మళ్ల మూరెడు ఖాళీ.

మౌనిక బంగారం. ఒక్క మాట అనకుంట అదే కట్టింది. మా బావ ఊకుంటడా? పెండ్లిల పదిమంది ముంగట అంచు పట్టుకొని, "ఏంది బామ్మర్దీ, గింత ఖాళీ?" అన్నడు.

"ఖాళీ కాదు బావా," అన్న, "అవైలబుల్."