వంక దాటే రెండు దారులు

ముందు చప్పుడు వచ్చేది. ఇనుము రాతిని తాకే చప్పుడు. సాయంత్రపు ఎండ, వానలకు మాత్రమే పారే వంకలోని ఇసుకను వదిలిపెట్టే వేళ ఠంగుమని ఒకటి. కాస్త ఆగి మరొకటి. వేరుసెనగ చేల మీదుగా నడిచి వచ్చి మా గుమ్మం దగ్గర ఆగిపోయేది. మనిషి కనబడేది ఆ తరువాతే. మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, తెల్లచొక్కా, చేతిలో చిన్న సుత్తి. వంతెన పిట్టగోడలోని రాళ్ళను వరసగా తట్టి, తల పక్కకు వంచి విని, ముందుకు జరిగేవాడు.

ఆయన మునినారాయణప్ప, ఇంజినీరు. బాగేపల్లి నుంచి తూర్పు పల్లెలకు పోయే దారిలో ఆ వంతెన కట్టించినవాడు. అవతలి గట్టున ఆయన ఇల్లు. ఆ పల్లె బడికి నన్ను పంతులుగా వేసినప్పుడు వాళ్ళ ముందుగదిలో అద్దెకు దిగాను.

"రోజూ ఎందుకు సార్ తట్టేది?" అని ఒకసారి అడిగాను.

"గట్టిరాయి పలకతాదప్పా. లోపల పగులుంటే పలకదు."

"ఎప్పుడైనా పలకనిది దొరికిందా?"

"ఇంతవరకూ లేదు."

ఆ మాటలో సంతోషం ఉందేమోనని చూశాను. గంజి పెట్టిన చొక్కాలాగా మాట మడతపడకుండా ఉంది, అంతే.

ఆయన సంగతి కొంత ఆయన చెప్పాడు, కొంత అప్పటి మేస్త్రీ బైరప్ప చెప్పాడు. భార్య లక్ష్మీదేవమ్మ ఏమీ చెప్పలేదు. ఆమె వంట చేసేది, పొయ్యి ఆర్పేది, వాకిట్లో కూర్చుని వంకవైపు కాక చేలవైపు చూసేది.

ఆయన చింతామణి తాలూకా కెంచార్లహళ్ళిలో సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు చింతామణి సంతకు బండిలో పోతూ, దారిలో ఒక రాతి వంతెన కింద దిగి తల పైకెత్తి నిలబడ్డాడట. కమాను మధ్యలో రాళ్ళకు కింద ఏమీ లేదు. అయినా పడడం లేదు. ఆ వింతలోంచి బయటికి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. వాళ్ళ నాయన తిరిగొచ్చి చెవి పట్టుకున్నాడు. బెంగళూరులో ఇంజినీరింగు డిప్లొమాకు పోతానన్నప్పుడూ ఆయనే, "రాళ్ళు చూసేదానికి బెంగళూరు దాకా ఏల? మన చేన్లో నీకు కావలసినన్ని ఉండాయి" అన్నాడు. అని, పంపించాడు.

చదువు అయ్యాక ఓవర్సీరు ఉద్యోగం దొరికింది. అయితే అది తాత్కాలికం. ఏ ఏడాదికి ఆ ఏడాది. పందొమ్మిదివందల యాభై ఏడులో ఈ వంతెన పని అప్పజెప్పారు. చిక్కబళ్ళాపురం కచేరిలో పెద్ద ఇంజినీరు స్పష్టంగా చెప్పాడు: వానలు పడి వంక పారేలోపు నడిమి స్తంభాలు నీటిమట్టం దాటి లేవాలి. లేస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు, ఇంజినీరు పనికి పేరు పంపిస్తారు. లేవకపోతే పునాది గుంతలు ఇసుకతో పూడిపోతాయి, ఆయన కెంచార్లహళ్ళికి వెళ్ళి మడక పట్టి దున్నుకోవచ్చు.

వేసవిలో ఇసుక తవ్వారు. అడుగున బండ తగలాలి. ఎంత దిగినా ఊట. ఆయిలు ఇంజను నీళ్ళు తోడుతూనే ఉంది, గుంత మళ్ళీ నిండుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కూలీలు అన్నానికి పైకి వచ్చినప్పుడు గుంత గోడ జారింది. గోడకు ఆనించిన చెక్కపలకలు విరిగాయి. లోపల ఎవరూ లేరు. కొన్నాళ్ళకు మళ్ళీ జారింది. అప్పుడూ లేరు. మనుషులు లేనప్పుడే జారడం ఊరివాళ్ళకు ధైర్యం ఇవ్వలేదు. అది వెతుక్కుంటోందని అన్నారు.

"బ్రిడ్జి తల అడగతాండాది సామీ" అన్నాడు బైరప్ప.

"మేక తల ఇచ్చినాం గదప్పా, పూజనాడు."

"అది మనం కూరొండుకుని తినేస్తిమి. దానికేం దక్కింది?"

మునినారాయణప్ప నవ్వాడు. బైరప్ప నవ్వలేదు. "నువ్వు నవ్వుతాండావు సామీ. గుంత నవ్వల్యా."

ఆ మాట పల్లెలకు పాకింది. వంతెనకు పసిబిడ్డ కావాలట, ఓవర్సీరు సైకిలు మీద వెతుకుతున్నాడట. ఆయన సైకిలు గంట వినబడితే తల్లులు పిల్లలను లోపలికి లాగి తలుపు వేసేవాళ్ళు. బాగేపల్లిలో శెట్టి అంగడిలో ఒక బిడ్డ చేతిలో బెల్లంముక్క పెట్టబోతే, వాళ్ళమ్మ ఆ ముక్కను వీధిలోకి విసిరేసింది. కూలీలు పలచబడ్డారు. గుంతలోకి దిగేవాళ్ళు ఒక చేతి వేళ్ళకు సరిపోయారు. ఆకాశం అప్పుడప్పుడు సాయంత్రాలు నల్లబడి చూసి పోతోంది.

చెప్పి లాభం లేదు, చూపించాలి అనుకున్నాడు. తన కూతురు సుజాతను సైకిలు ముందుకడ్డీ మీద కూర్చోబెట్టుకుని పనికి తీసుకొచ్చాడు. అయిదేళ్ళ పిల్ల. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుంత పక్కన ఇసుకలో ఆడుకునేది. గులకరాళ్ళు గుంతలోకి వేసి, నీళ్ళ చప్పుడు విని, మళ్ళీ వేసేది.

"నాయనా, దీంట్లో కప్పలుండాయా?"

"ఉంటే బైరప్ప పట్టిస్తాడు."

"ఓ పాపా, ఈ పనికి మేస్త్రీ నువ్వా నేనా?" అనేవాడు బైరప్ప.

"నేనే. నువ్వు మట్టి మొయ్యి."

అందరూ నవ్వేవాళ్ళు. భయం కొంచెం కొంచెంగా విడుస్తోందని ఆయనకు తోచింది. ఓవర్సీరు తన బిడ్డనే గుంత అంచున కూర్చోబెడుతున్నాడంటే అందులో ఏమీ లేదని వాళ్ళకు అర్థమవుతోందనుకున్నాడు. వాళ్ళు మరొకటి అర్థం చేసుకుంటున్నారని తెలియలేదు.

వాన మొదలు కాకముందే పిల్లకు జ్వరం వచ్చింది. ఊటనీళ్ళు దోసిళ్ళతో తాగేదని తరువాత ఎవరో అన్నారు. జ్వరం దిగలేదు. చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ పొద్దునే గుంతలో గడ్డపారకు బండ తగిలింది. దిగినవాళ్ళు నలుగురు. తాను కదిలితే ఆ నలుగురూ పైకి వస్తారు.

"నువ్వు బస్సెక్కు. నేను రేపొస్తా" అన్నాడు భార్యతో.

లక్ష్మీదేవమ్మ పిల్లను భుజాన వేసుకుని ఒక్కతే బస్సెక్కింది. మరునాడు ఆయన వెళ్ళేసరికి ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిల్ల ఒళ్ళో ఉంది. తల్లి చీరకొంగుతో ముఖం మీద ఈగలు తోలుతోంది. ఆ కొంగు ఆపమని ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియలేదు. అందుకని పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఎదురుగా ఉన్న సున్నపు గోడను చూశారు. గోడలో ఒక సన్నటి బీట ఉందనీ, అది పునాది బీట కాదు, పైపూతదే అనీ అనుకున్నాడట. నాతో చెప్పేటప్పుడు కూడా ఆ బీట ఎటు నుంచి ఎటు పోయిందో వేలితో గాలిలో గీసి చూపించాడు.

అంత్యక్రియలయ్యాక ఇంట్లో ఏం చేయాలో తోచక పని దగ్గరికి పోయాడు. వంకనిండా మనుషులు. మానేసినవాళ్ళు, వేరే పనులకు పోయినవాళ్ళు, ఎన్నడూ రాని పల్లెలవాళ్ళు కూడా. తలుపులు వేసుకున్న తల్లులు పిల్లలను చంకన ఎత్తుకుని వచ్చారు. బైరప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. మట్టి మోసే మునివెంకటమ్మ గుంత అంచున పసుపు చల్లి, టెంకాయ కొట్టింది. అందరూ ఆయనకు చేతులు జోడించారు.

అప్పుడు అర్థమైంది. తాను బిడ్డను రోజూ ఎందుకు తెచ్చాడని వాళ్ళు అనుకున్నారో.

"కాదని చెప్పాల" అన్నాడు నాతో. "చెప్పాలని నోరు తెరిచినా. మబ్బు పట్టింది. అంతమంది మనుషులు. దిగండప్పా, అనేస్తిని."

అంతే. వాళ్ళు దిగారు. భయం లేకుండా, పాటలు పాడుతూ దిగారు. వంతెనకు కావలసింది ముట్టింది కదా. స్తంభాలు లేచాయి. వంక పారినప్పుడు ఎర్రనీళ్ళు వాటి చుట్టూ తిరిగి పోయాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఉద్యోగం ఖాయమైంది. మరికొన్నేళ్ళకు ఇంజినీరయ్యాడు. వేరే తాలూకాలలో ఎన్నో కట్టి, మళ్ళీ బాగేపల్లికే అడిగి వేయించుకుని, ఈ గట్టున ఇల్లు కట్టాడు. ఇక్కడి బస్సులో ఆయనకు ఎవరో ఒకరు లేచి చోటిస్తారు. ఆయన కూర్చుంటాడు.

వంతెన తెరిచిన ఏడాది మునివెంకటమ్మ మంచి మనసుతోనే వాళ్ళింటికి వచ్చి లక్ష్మీదేవమ్మ కాళ్ళు పట్టుకుందట. "మా బిడ్డల్ని కాపాడితివి తల్లీ" అందట. లక్ష్మీదేవమ్మ భర్త ముఖంలోకి చూసింది. ఆమెకు కావలసింది ఒక్క మాట. నేను ఇయ్యలేదు, జ్వరమొచ్చి పోయింది, అనే మాట. ఆయన గుంత దగ్గర అనలేకపోయినట్టే అక్కడా అనలేకపోయాడు.

"ఇప్పుడు చెప్పొచ్చు గదా సార్?" అన్నాను.

ఆయన సుత్తిని నిక్కరుకు తుడిచాడు. "ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఏల చెప్పల్యా అంటాది."

ఎండాకాలం చివర నాకు వేరే ఊరి బడికి బదిలీ వచ్చింది. ముందురోజు సాయంత్రం ట్రంకుపెట్టె కట్టుకుంటున్నాను. వంక మీద చప్పుడు మొదలై, దగ్గరకు వచ్చి, ఆగింది. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గది ఖాళీ అయినట్టు ఒకసారి చుట్టూ చూశాడు. లోపల లక్ష్మీదేవమ్మ మరునాటి సంతకు సంచులు దులుపుతోంది.

"ఏ బస్సుకు?"

"పొద్దున మొదటిదానికి సార్."

తల ఊపాడు. పోబోయి ఆగాడు.

"వంతెన మీద పోతాంటే కింద ఇసకలో నడిచి పోతా మా ఇంటామె కనబడతాది. ఎండని, తెలిసినామె గదా అని, బస్సు నిలపొద్దప్పా. ఎక్కదు."