రాణి రంగు చేతులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక శానిటైజర్ సీసా. నగరిలో మగ్గాల వీధి బడిలో ఒకటో తరగతి నాకిచ్చారు. (వీధంతా పవర్‌లూమ్‌ల చప్పుడు. అక్కడ పాఠం చెప్పడమంటే అరవడమే.) కరోనా తగ్గిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం కానీ, ఆ ఏడు వానలకు పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలు, కళ్లకలకలు. చేతులు కడుక్కోండిరా అంటే వినేదెవరు? కంటికి కనబడని క్రిమికి ఆరేళ్ల పిల్లలు ఎందుకు భయపడతారు? సరే, కనబడేలా చేద్దామని ఎక్కడలేని తెలివీ పుట్టుకొచ్చింది నాకు.

అరచేతికి గులాబీ రంగు పొడి పూసుకుని, ముందు వరుసలో ఒక పిల్లాడితో చేయి కలిపాను. వాడు పక్కవాణ్ణి గిల్లాడు, పక్కవాడు ఇంకొకడి జుట్టు పట్టుకున్నాడు. గంట కొట్టేలోపు పలకలు, తలుపు, నీళ్ల బిందె, ఒకమ్మాయి ముక్కు అన్నీ గులాబీ. "చూశారా! ఈ రంగే రోగం. ఎవరి చేతికి రంగుంటే వాళ్ల దగ్గర రోగం ఉన్నట్టే. సబ్బుతో కడిగితే పోతుంది" అన్నాను. ఎగబడి కడుక్కున్నారు. హెడ్మాస్టరు చూసి "భలే సెప్పినావమ్మా" అనేసరికి వారం రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు. మధ్యాహ్న భోజనం వరుసలో కూడా పిల్లలు ఎడం పాటిస్తున్నారని మురిసిపోయాను. ఆ ఎడం ఒక్క పిల్లకు ముందూ వెనకా మాత్రమే ఉందని నా కళ్లకు ఆనలేదు.

ఆ పిల్లను ఇంట్లో బుజ్జమ్మ అంటారు. వాళ్ల నాయన నేతవాళ్లకు నూలుకు రంగు వేసి ఇస్తాడు. పెరట్లో ఆరేసిన తడి నూలు మధ్యే దాని ఆటలన్నీ, అందుకే వేళ్లెప్పుడూ ముదురు గులాబీ, అదే రాణి రంగులో ఉండేవి. మూడు రోజులు బడికి రాకపోయేసరికి ఏమైందని పిల్లల్ని అడిగాను. "దాని చేతిలో రోగం ఉండాది టీచర్! ఎంత కడిగినా పోలా! మేమెవురమూ ముట్టుకోలేదు" అని అంతా ఒక్కసారే అరిచి, మెచ్చుకుంటానని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. బుజ్జమ్మ మూలన కూర్చునుంది, తోమి తోమి వేళ్లు పుండ్లు పడినాయి. "సబ్బు అయిపాయె, కొబ్బరి పీచు అయిపాయె, కిరసనాయిలు గూడా పూసుకునింది టీచరమ్మా" అంది వాళ్లవ్వ. "నలభై ఏండ్లుగా నా చేతులకే పోలా, దాని చేతులకు యాడ పోతాది? రంగు పోకుంటే పోనీ. వాళ్లమ్మ పొద్దన్నే మగ్గానికి పోతాది, వాళ్ల నాయనే అన్నం కలిపి పెట్టేది. ఇప్పుడు ఆ చేత్తో తిననంటాది." నాయన రెండు చేతులూ తువ్వాల్లో చుట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా చేతుల్లో రోగం ఉండాదా టీచర్? ఉంటే సెప్పండి. బిడ్డను పుత్తూరులో మా అత్తోళ్లింట్లో వదిలేస్తా" అన్నాడు. ఆ మనిషి నిజంగానే అడుగుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"లేదన్నా, నేనే తప్పు చెప్పాను" అన్నాను. బుజ్జమ్మ నమ్మలేదు. "నువ్వే కదా సెప్పినావు?" అంది. (టీచర్ మాట పిల్లలకు వేదమని గొప్పగా చెప్పుకుంటాం. ఆ క్షణాన నాకు భయమేసింది.) మాటలతో అయ్యే పని కాదని, పెరట్లో చల్లారిన రంగు తొట్టిలో రెండు చేతులూ ముంచేశాను. అవ్వ "అయ్యయ్యో, వద్దు తల్లీ!" అంటూనే ఉంది. తీసి సబ్బుతో రుద్దాను. "చూడు, మురికి పోయింది, రంగు పోలేదు. రోగముండేది మురికిలో, రంగులో కాదు" అన్నాను. అది నా చేతులు తిప్పి తిప్పి చూసింది, వాసన చూసింది. తర్వాత పోయి వాళ్ల నాయన చేతిలో సబ్బు పెట్టి "గోర్లల్లో గూడా నాయనా" అంది. ఆయన కడిగిందే కడిగాడు. పప్పన్నం కలిపి ముద్ద ఎత్తాడు. పిల్ల నోరు తెరిచింది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. "ఇంత సదువుకునింటివి, ఈ మాట ముందే సెప్పుంటే ఏం పోయె తల్లీ" అంది అవ్వ.

మరునాడు అవే చేతులతో బడికి పోయి పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. బుజ్జమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాను. రంగు మూడు వారాలు వదల్లేదు. (ఆ ఆదివారమే నా పెళ్లిచూపులు. అబ్బాయి తల్లి "గోరింటాకా?" అంటే మా అమ్మ గబుక్కున "అవునండీ" అనేసింది.) ఇప్పటికీ ఆ పాఠం చెప్తూనే ఉన్నాను. కాకపోతే ముందు పిల్లల చేతులు చూసి, ఇంట్లో వాళ్లు ఏం పని చేస్తారో అడిగి మొదలుపెడతాను. ఆనాటి ఆ ఇరవై నాలుగేళ్ల టీచరమ్మ గుర్తొచ్చినప్పుడల్లా చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. దగ్గరికి పోతే పాపం, దాని రెండు చేతులూ రాణి రంగులో కనిపిస్తాయి. వదిలేస్తాను.